పాట పెట్టకుండా ఆంప్లిఫయర్ ఎంచడం

ఆంప్లిఫయర్లు అమ్మే ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు అన్న మాట "వద్దు". "ఇది మీకు వద్దు సార్, మీ స్పీకర్లకు ఇది నప్పదు" అని నేను అంటుంటే కౌంటర్ వెనక మా యజమాని శేషగిరి గారు పళ్ళు నూరేవారు. ఆ చప్పుడు నాకు ఎంత అలవాటైపోయిందంటే, అది వినిపించని రోజున ఏదో తప్పు సరుకు అంటగట్టానేమోనని అనుమానం వచ్చేది.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి "మేడం, ఏ ఆంప్లిఫయర్ మంచిది?" అని అడుగుతుంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ స్పీకరుకు, ఏ గదిలో, ఎవరి చెవులకు అని చెబితే అప్పుడు మాట్లాడతాను. మిగిలినదంతా కేటలాగులో ఉంటుంది, చదువుకోవచ్చు. కేటలాగులో లేని సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

వాట్ల పిచ్చి

మాది కర్నూలు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక మూసాపేటలో శేషగిరి గారి ఆడియో షోరూములో చేరాను. తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. ఆ మేడల్లో ఉద్యోగాలకు వచ్చిన కుర్రాళ్ళు ఫ్లాటు దొరకగానే మంచం కంటే ముందు మ్యూజిక్ సిస్టమ్ కొనేవారు. చాప మీద పడుకుని తల దగ్గర నడుమెత్తు స్పీకర్లు పెట్టుకునేవారు. వాళ్ళ నడుముల సంగతేమో గానీ మా వ్యాపారం మాత్రం నిటారుగా నిలబడింది.

అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్ని వాట్లు?" పక్క సీటులో పనిచేసేవాడి దగ్గర వంద వాట్లుంటే తనకు నూట యాభై కావాలి. కొన్ని పెట్టెల మీద వేలల్లో వాట్లు రాసిన స్టిక్కర్లు ఉండేవి. ఆ లెక్కన ఆ పెట్టె ఒక్కటే కాలనీకంతా కరెంటు ఇవ్వాలి.

మా షాపులో డెమోకు ఒక పద్ధతి ఉండేది. కస్టమరు మెట్లెక్కుతుండగానే మోత పెంచే లౌడ్‌నెస్ గుండీ నొక్కేయాలి. డప్పులు ఎక్కువున్న పాట పెట్టాలి. వాల్యూమ్ సగానికి తిప్పాలి. కస్టమరు గుండె అదిరి, నవ్వి, "ఇదే ప్యాక్ చేయండి" అనాలి. ఇది మా షాపు పద్ధతే కాదు, ఊళ్ళో అందరిదీ అదే.

నాకు ఆ పద్ధతి మొదటినుంచీ గిట్టలేదు. పెద్ద పాట పెడితే ఆంప్లిఫయర్ తన లోపాలన్నీ దాని వెనక దాచేసుకుంటుంది. అందుకని నేను అన్నీ కలిపి, స్విచ్ వేసి, ఏ పాటా పెట్టకుండా స్పీకరు దగ్గర చెవి పెట్టి కూర్చునేదాన్ని. బుస్సుమంటోందా, గుయ్యిమంటోందా, గుండీ తిప్పితే గరగరలాడుతోందా అని చూసుకున్నాకే పాట. అదీ చిన్నగా. శేషగిరి గారికి ఇది చూస్తే ఒళ్ళు మండేది.

"పాట లేకుండా డెమో ఏంటమ్మా? ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టి భోజనం ఎలా ఉందండీ అని అడిగినట్టుంది!"

"విస్తరి కడిగారో లేదో చూస్తున్నాను సార్" అన్నాను.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. గుంటూరు నుంచి వచ్చి సొంతంగా షాపు నిలబెట్టుకున్న మనిషి. కోపం ముక్కు మీదుండేది, కానీ అది అక్కడికక్కడే అయిపోయేది. పాడైన సరుకును ఎవరికీ అమ్మలేదు, నన్ను అమ్మమనలేదు. ఆ రోజుల్లో ఆడమనిషి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి "నువ్వే విప్పి చూడు" అన్న యజమాని కూడా ఆయనే. వాట్ల విషయంలో మాత్రం మా ఇద్దరికీ చివరిదాకా పడలేదు.

మల్లయ్య గారి హారన్లు

ఒక శుక్రవారం సాయంత్రం శ్రీశైలం అనే అతను వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. శేరిలింగంపల్లి సొంతూరు, ఊరి పక్కనే లేచిన సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. వస్తూనే నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, మీరు వద్దంటరని మా ఆఫీసుల చెప్పిన్రు. గందుకే వచ్చిన" అన్నాడు. శేషగిరి గారు అటు తిరిగి దగ్గారు.

అతని తండ్రి మల్లయ్య పాత సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాడు. ఏళ్ళ తరబడి ఆ మిషను మోత పక్కనే నిలబడడంతో చెవులు దెబ్బతిన్నాయి. కుడి చెవి కాస్త నయం. మనుషులు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, మాట ఏమిటో తెలియదు. హాలు మూసేసినప్పుడు తెర వెనకుండే, బాకా మూతి ఉన్న రెండు హారన్ స్పీకర్లను యజమాని ఆయనకే ఇచ్చేశాడు. విచిత్రమేమంటే ఆ స్పీకర్లలో వస్తే మాత్రం ఆయనకు ప్రతి మాటా అర్థమవుతుంది. సినిమాలు పెట్టుకుని డైలాగులు వింటూ కూర్చుంటాడు.

"ఊర్లె ఇల్లు కూలగొట్టి కొత్తగ కడ్తున్నం మేడం. అందాక హఫీజ్‌పేటల కిరాయికి ఉన్నం. గోడ అవుతల ఓనరు. ఆయనకు నైట్ డ్యూటీ, పొద్దంత పండుకుంటడు. హాల్లకెల్లి తెచ్చిన పాత ఆంప్లిఫయర్ కాలిపోతే కొత్తది కొన్న. రెండు వందల వాట్లు. గదే తప్పయింది."

"ఏమవుతోంది?"

"స్విచ్ ఎయ్యంగనే బుస్సుమంటది, బంద్ చేసేదాక ఆగది. గుండీ జరంత ముట్టుకుంటె ఎడమ డబ్బా పల్కుతది, కుడిది పల్కది. ఇంకింత తిప్పితె రెండూ పల్కుతయ్, కని ఓనరు లేసి గోడ గుద్దుతడు."

ఓనరు ఆఖరి మాట చెప్పేశాడట: ఆ డబ్బాలైనా పోవాలి, వీళ్ళైనా పోవాలి. కొత్త ఇల్లు లేవడానికి ఇంకా చాలా కాలముంది. మూసాపేటలో షామియానాలు, మైకులు అద్దెకిచ్చే దుకాణం అతను సోమవారం ట్రాలీ తీసుకొచ్చి స్పీకర్లు ఎత్తుకుపోతానన్నాడు. వాటిని మళ్ళీ పెళ్ళి పందిళ్ళలో వెతుక్కోవాల్సిందే.

"చెవిలో పెట్టుకునే మిషను ఇప్పించలేదా?" అని అడిగాను.

"ఇప్పిచ్చినం. అన్ని ఒక్కటే మోత లెక్క ఇనవడ్తున్నయని తీసి డబ్బల పెట్టిండు. హెడ్‌ఫోన్ పెడితె, ఇంట్ల ఎవలు పిలిచినా తెల్వదని ఇసిరేసిండు. మా నాయిన సినిమా సూడకుంటె బతకడని కాదు మేడం. ఈ నెల నుంచి నోరు తెరుస్తలేడు. గోడ దిక్కు సూస్కుంట కూసుంటుండు. నాకు పరేషాన్ అయితుంది."

తర్వాత కాస్త ఆలోచించి, "ఒకటి సూసిన. గుండీ సున్న మీద పెట్టినా బుస్ అంతే ఉంటది. అంటె అది ప్లేయరుల నుంచి వస్తలేదు కద?" అన్నాడు. ఆ ఒక్క గమనికతో సగం పని అతనే చేసి పెట్టాడు. గుండీతో తగ్గని బుస్ ఆంప్లిఫయర్ సొంత చప్పుడు. ప్లేయరు మార్చినా, తీగలు మార్చినా అది పోదు.

తక్కువ తిని గట్టిగా పలికేవి

కొత్తగా వచ్చేవాళ్ళు ఈ ముక్క బాగా పట్టుకోవాలి. మామూలు ఇంటి స్పీకరు కరెంటు దండిగా తింటుంది, దానికి తగ్గట్టు పలకదు. తిన్నదాంట్లో చాలావరకు వేడి చేసి పారేస్తుంది. అందుకే దానికి పెద్ద ఆంప్లిఫయర్ కావాలి. పాత సినిమా హాళ్ళ రోజుల్లో పెద్ద ఆంప్లిఫయర్లు లేవు. ఉన్న కొద్ది వాట్లతోనే నేల నుంచి బాల్కనీ దాకా మాట వినిపించాలి. అందుకని స్పీకర్లను అలా తయారుచేశారు. ఒక్క వాటు ఇచ్చినా చిన్న గది నిండిపోతుంది. ఇలాంటివాటినే హై ఎఫిషియెన్సీ స్పీకర్లంటారు.

చిక్కు కూడా అక్కడే ఉంది. పాటను పెద్దది చేసే స్పీకరు ఆంప్లిఫయర్ సణుగుడునీ పెద్దది చేస్తుంది. మామూలు స్పీకరులో చెవి ఆనించినా వినపడని బుస్, హారన్‌లో వంటింటి దాకా వినిపిస్తుంది. పైగా పెద్ద ఆంప్లిఫయర్ లోపలికి వచ్చిన చిన్న సంకేతాన్ని విపరీతంగా పెంచుతుంది. దాంతో కొంచెం తిప్పగానే మోత ఎక్కువై, వాల్యూమ్ గుండీ మొదట్లోనే ఇరుక్కుపోతుంది. గుండీ అడుగు భాగంలో కుడి ఎడమలు సరిగ్గా సమానంగా ఉండవు. ఒకటి ముందు లేస్తుంది, ఒకటి వెనక. మల్లయ్య గారి విషయంలో వెనకపడింది కుడి స్పీకరు, ఆయనకున్న మంచి చెవి వైపుది.

కాబట్టి ఇలాంటి స్పీకర్లకు ఆంప్లిఫయర్ ఎంచేటప్పుడు వాట్ల సంగతి చివర అడగండి. ముందు అది ఎంత చప్పుడు లేకుండా కూర్చోగలదో చూడండి. తర్వాత, మీరు రోజూ వినే స్థాయిలో గుండీ ఎక్కడ ఆగుతుందో చూడండి. మొదట్లోనే ఆగితే ఆ పెట్టె ఎంత గొప్పదైనా వెనక్కి ఇచ్చేయండి.

గడప దాటని పెట్టెలు

నేను శ్రీశైలంతో మాట్లాడుతుంటే శేషగిరి గారు ఉండబట్టలేక వచ్చారు. "బాబూ, ఇంకా పెద్దది తీసుకోండి. మూడొందల వాట్లది ఉంది. పవర్ బాగా ఉంటే నాయిస్ అణిగిపోతుందండీ" అన్నారు.

"వద్దు" అన్నాను.

ఆయన నన్ను గోడౌనులోకి పిలిచారు. గొంతు తగ్గించి అరవడం ఆయనకే చేతనవును. "కస్టమరు ముందు నా మాట కొట్టేస్తావేంటమ్మా?"

"ఆ పెట్టె ఆ స్పీకర్లకు పెడితే సోమవారం స్పీకర్లు పోతాయి, మంగళవారం పెట్టె మన దగ్గరికే తిరిగొస్తుంది సార్. అదిగో, ఆ పై అరలో ఉన్నది ఇవ్వండి."

పై అరలో ఒక చిన్న నల్ల ఆంప్లిఫయర్ ఉండేది. ఇరవై వాట్లు. ముందు రెండే గుండీలు, మెరిసే లైట్లు లేవు. ఎవరో తెప్పించమని, తీరా చూసి "ఇంతేనా" అని వెళ్ళిపోయారు. అప్పటినుంచి దుమ్ము తింటోంది.

"అది తీసుకెళ్ళి వినిపిస్తాను. మధ్యరకం అరవై వాట్లది కూడా తీసుకెళ్తాను. ఏది సరిపోతుందో ఆ స్పీకర్ల దగ్గరే తేలాలి, ఇక్కడ కాదు."

"షోరూము పీసులు గడప దాటవు. నీకు తెలుసు."

"తెలుసు. ఇప్పుడు దాటాలి" అన్నాను. "ఆ పెద్దాయనకు మనుషుల మాట అందేది ఆ స్పీకర్లలోనే. అవి పోతే ఆయనకు మనం మళ్ళీ ఏమీ అమ్మలేం సార్, ఎవరూ అమ్మలేరు. ఆదివారం నాకు సెలవు. నేనే ఆటోలో మోసుకెళ్తాను. మీరు ఒప్పుకోకపోతే సోమవారం నుంచి నేను రాను."

నిజంగానే అన్నాను. మా ఇంట్లో ఆ జీతం అవసరమే, అయినా అన్నాను. పెట్టెలు ఎవరికి ఎందుకు అమ్ముతున్నామో తెలియకుండా అమ్మే పనైతే ఎక్కడైనా దొరుకుతుంది.

శేషగిరి గారు పై అర నుంచి ఆ పెట్టె దించి దుమ్ము దులిపారు. "ఆటోలో వద్దు, గీతలు పడతాయి. వ్యాను నేను తెస్తాను" అన్నారు.

హఫీజ్‌పేటలో ఆదివారం

స్టేషనుకు అవతల, రెండు గదుల పోర్షను. ముందు గదిలో సగం చోటు ఆ స్పీకర్లదే. నా భుజాల దాకా ఉన్నాయి. వాటి మధ్య టీవీ, విసీడీ ప్లేయరు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో మల్లయ్య గారు. నేను నమస్కారం పెడితే నా పెదవుల వంక చూశారు. కోడలు స్వరూప ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచి చెప్పింది: "మామా, డబ్బాలు బాగుచేసెటందుకు అక్క వచ్చింది!"

ఆయన లేచి హారన్ మీద చెయ్యి వేశారు. "గివి ఉంటెనే నాకు మాట తెలుస్తది బిడ్డా" అన్నారు. "మనుషులు మాట్లాడితె మూతులు కదుల్తయ్, గంతే."

ఏడిస్తే పని కాదని తీగలు విప్పడం మొదలుపెట్టాను.

ముందు వాళ్ళ రెండు వందల వాట్ల పెట్టె. స్విచ్ వేయగానే గదంతా బుస్. స్వరూప వంటింటి గుమ్మంలో నిలబడి, "గిట్లనే అక్కా, దినమంత. నా తల్కాయ పల్గుతుంటది. మామకు అవి లేకుంటె నడువది, ఇవి ఉంటె ఓనరు ఉంచడు. నేనెవలితోని కొట్లాడాలె?" అంది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఎవరికీ హక్కు లేదనిపించింది.

తర్వాత అరవై వాట్లది. బుస్ చాలా తగ్గింది. శేషగిరి గారి ముఖం వెలిగింది. కానీ ఓనరు నిద్రపోయే స్థాయికి గుండీ తగ్గిస్తే కుడి స్పీకరు పలకడం మానేసింది. మల్లయ్య గారు కుడి చెవి ముందుకు పెట్టి, నుదురు ముడిచి, తల అడ్డంగా ఊపారు. ఇంకొంచెం పెంచితే గోడ అవతలి నుంచి ఒక దెబ్బ పడింది.

"ఇది కూడా కాదు" అన్నాను.

చిన్న నల్ల పెట్టె కలిపాను. స్విచ్ వేశాను. బుస్ లేదు. కానీ సన్నగా "గుయ్య్" మని ఒక కూత వస్తోంది. ఆగదు, పెరగదు, తగ్గదు. శేషగిరి గారు గడియారం చూసుకున్నారు. "ఇంక చాలమ్మా. ఇంత ప్రయత్నం చేశాం. వీళ్ళ అదృష్టం అంతే అనుకోవాలి."

"నేను అనుకోను. మీరు కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చున్నారు.

ఇది పెట్టె చప్పుడు కాదని నాకు తెలుసు. రాకముందు షాపులో విన్నాను, అది శుభ్రంగా ఉంది. బయటినుంచి ఏదో వస్తోంది. శ్రీశైలం నా పక్కన నేల మీద కూర్చుని, "ఒక్కొక్క వైరు పీకి సూద్దామా మేడం? మా ఆఫీసుల గట్లనే చేస్తం" అన్నాడు. మంచి మాట. ప్లేయరు కరెంటు తీగ పీకాడు, కూత ఉంది. పెట్టాడు. టీవీ వెనక్కి చెయ్యి పెట్టి, స్తంభం మీదుగా వచ్చిన కేబుల్ కనెక్షన్ వైరు పీకాడు. కూత ఠక్కున ఆగిపోయింది. కాలనీ అంతటా తిరిగొచ్చిన ఆ వైరు ఊళ్ళోని కరెంటు గోలనంతా వెంటబెట్టుకొచ్చి ఈ గదిలో పోస్తోంది. సినిమా చూసేటప్పుడు దాన్ని పీకేస్తే సరి.

గది నిశ్శబ్దమైంది. గోడకవతల ఓనరు గురక సన్నగా వినిపించింది.

"ఏమ్మా, ఆన్ చేశావా?" అని అడిగారు శేషగిరి గారు.

"చేసే ఉంది సార్."

ఆయన లేచి వచ్చి, వంగి, హారన్ మూతి దగ్గర చెవి పెట్టారు. అలాగే ఉండిపోయారు. ఎన్నేళ్ళుగానో వెక్కిరిస్తూ వచ్చిన పనిని ఆయన మొదటిసారి తనే చేస్తున్నారు. లేచి అరవై వాట్ల పెట్టెను తనే అట్టపెట్టెలో సర్దేశారు.

శ్రీశైలం ఒక పాత హాస్య సినిమా విసీడీ పెట్టాడు. నేను గుండీని నెమ్మదిగా తిప్పాను. అది అడుగున ఇరుక్కోకుండా హాయిగా ముందుకు కదిలింది. రెండు స్పీకర్లూ కలిసి లేచాయి. మాట చిన్నగా, గుండ్రంగా, అక్షరం అక్షరం విడివిడిగా వచ్చింది. చప్పుడు అవతలికి వస్తోందేమో అడగడానికి స్వరూప చెప్పులేసుకుని ఓనరు వాళ్ళింటికి వెళ్ళింది. తిరిగొచ్చి గుమ్మంలోనే, "వాళ్ళింటామె సిన్మ ఇంకా పెట్టలేదా అని అడుగుతుంది" అంది.

ఇది తీసుకోవచ్చా అన్నట్టు శ్రీశైలం నా వంక చూశాడు. నేను వద్దనలేదు.

సినిమాలో పెళ్ళిచూపులకు వచ్చినవాడు వేరే ఇంట్లో దూరి కూర్చున్నాడు. ఆ ఇంటి పెద్దమనిషి ఏదో అడిగాడు, వీడేదో చెప్పాడు. మల్లయ్య గారు పెద్దగా నవ్వారు. మేమెవరమూ ఇంకా నవ్వలేదు. నేను తీగలు చుడుతున్నాను, శేషగిరి గారు పెట్టె అట్టముక్కలు ఏరుతున్నారు.

స్వరూప గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. "ఎప్పుడైనా మా మొకాలు సూసి, మేం నవ్వితె నవ్వుతుండె" అంది. "ఇయ్యాల మాకన్న ముందుగల్ల నవ్విండు."

శ్రీశైలం కళ్ళు తుడుచుకుంటూ లేచి, షామియానా దుకాణానికి ఫోన్ చేసి రావద్దని చెప్పొస్తానన్నాడు. రేపు కాదు, ఇప్పుడే చెప్పమంది స్వరూప. శేషగిరి గారు ఆ పెట్టెను ఎలా వాడాలో, కేబుల్ వైరు ఎప్పుడు పీకాలో పెద్ద గొంతుతో మొదలుపెట్టారు. నేను మధ్యలో అందుకున్నాను. నలుగురం ఒకేసారి మాట్లాడుతున్నాం.

మల్లయ్య గారు తెర మీదినుంచి చూపు తిప్పకుండా మా వైపు చెయ్యెత్తారు.

"జర ఊకోండ్రి" అన్నారు. "మాటలు ఇనవడ్తున్నయ్."